బస్సు పడదు

స్కూలు టూరుకని కూతురు దివ్య సంచి సర్దుతున్న రూప చేతిలో మొగుడు జయన్న ఒక మాత్రల అట్ట పెట్టాడు. "బస్సెక్కే అర్ధగంట ముందు పాపకు ఒకటి ఎయ్యి. ముందు సీట్లో కూసోబెట్టమని సారుకు సెప్పినా. వాంతులు కావు."

రూప ఆ మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంతేనా? ఇంత తేలికా? పదకొండేళ్లుగా ఆమెకూ వాంతులే కదా. ఆదోని నుంచి ఎమ్మిగనూరు గంట ప్రయాణం. పుట్టింటికి పోయొస్తానన్నప్పుడల్లా మొగుడిది ఒకటే మాట: "నీకు బస్సు పడదు గదా." అత్త వంత పాడేది: "ఆయమ్మకు పడదప్పా, యాడ పంపుతావు?" పుట్టింటి నుంచి వదిన ఫోన్ చేసినా జయన్న ఫోనుకే, జవాబూ అదే. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయేటప్పుడు మాత్రం అన్నీ పడతాయి. జీపు వెనక వంటగిన్నెల మధ్య కూర్చుని, దారంతా కవరులో కక్కుకుంటూ పోయి, దిగీదిగగానే ఇరవైమందికి వండాలి. అప్పుడెవరికీ మాత్ర గుర్తు రాలేదు. అడగాలని తనకూ తోచలేదు.

పాప రెండు రోజుల టూరుకు వెళ్లాక, రూప మిగిలిన రెండు మాత్రల్లో ఒకటి వేసుకుంది. అర్ధగంట ఆగి, అత్తకు ఒక మాట చెప్పేసి బస్సెక్కింది. డ్రైవరు వెనక సీట్లో తల తిప్పకుండా రోడ్డునే చూస్తూ కూర్చుంది. ఎమ్మిగనూరులో దిగేసరికి కాస్త నిద్రమత్తు, అంతే. కడుపులో ఏమీ కదల్లేదు. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది.

అమ్మ తిమ్మమ్మ అరుగు మీద, ఒళ్లో నిమ్మకాయ పెట్టుకుని కూర్చుని ఉంది. వదిన గొంతు తగ్గించింది. "రెండు నెలలాయె, మనుషుల్ని గుర్తు పట్టల్యా. మీ ఆయనకు సెప్పినా గదా."

ఆయన చెప్పలేదు.

రూప అమ్మ చెయ్యి పట్టుకుంది. "నేనేమ్మా, రూపని."

తిమ్మమ్మ మర్యాదగా జరిగి చోటిచ్చింది. "కూసోమ్మా, యా ఊరు మీది? మా రూప వస్తే వాసన సూస్తాదని నిమ్మకాయ పెట్టినా. రాదులే. దానికి బస్సు పడదు."

సాయంత్రం వదిన ఫోనుకు జయన్న చేశాడు. "మాయమ్మకు అన్నం టైమైతాంది. బయల్దేరినావా?"

తిరుగు ప్రయాణం మాత్ర రూప గుప్పిట్లోనే ఉంది. పక్కన అమ్మ ఇంకా వీధి వైపే చూస్తోంది.

"నాకు బస్సు పడదు గదా," అంది రూప.