రేవు ఖాళీ చేసేదెవరు

"తీరిక వేళల్లో ఆట తయారుచేసిన గృహిణి" అని పేపర్లో వేశారు. ఏడో పేజీలో, అడుగున, అగ్గిపెట్టెంత ఫొటో. ఇంటిల్లిపాదీ సంబరపడిపోయారు. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది. ఆ గృహిణి మాత్రం "తీరిక వేళల్లో" అన్న చోటే ఆగిపోయింది. ఏ తీరికో, ఏ వేళో, ఎంత తవ్వి చూసుకున్నా గుర్తుకు రాలేదు. విలేకరి ఫోన్ చేసినప్పుడు ఆమె చేతుల నిండా అంట్ల సబ్బు. అందుకని భర్త మాట్లాడాడు. అతనేం అబద్ధం చెప్పలేదు పాపం, తనకు కనిపించింది చెప్పాడు. పగలంతా అతను కాలేజీలో పాఠాలు చెబుతుంటాడు, కూతురు బళ్ళో ఉంటుంది, అత్తగారు భోంచేసి ఓ కునుకు తీస్తుంది. ఇక ఇంట్లో మిగిలిన మనిషి చేసే పనికి తీరిక అని కాక ఇంకేం పేరు పెడతారు?

ఆట పేరు రేవు. నలుగురు కూచుని బల్లమీద ఆడే ఆట. అట్టమీద ఓ రేవు పట్నం, పన్నెండు ఓడలు, ఆరు రంగుల్లో డెబ్బై రెండు సరుకు బిళ్ళలు, నలభై కార్డులు. ఓడలొస్తాయి, సరుకు దిగుతుంది, బేరాలవుతాయి, పొద్దుగూకాక పెద్ద అలొచ్చి రేవంతా ఊడ్చుకుపోతుంది, మళ్ళీ తెల్లారుతుంది. అలా ఆరు రోజులు. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి మూడేళ్ళు పట్టింది. వడ్రంగి దగ్గర చెక్క కోయించుకొచ్చి, ఒక్కో బిళ్ళనీ గరుకు కాగితంతో రుద్ది, తనే రంగులేసింది. అన్నిటికన్నా తల ప్రాణం తోకకి తెచ్చింది మాత్రం పుస్తకం. పెట్టె తెరిచిన మనిషికి ఆట నేర్పాలే, ఆ పుస్తకం. ఒకప్పుడు పిల్లల పత్రికలకి కథలు రాసిన చెయ్యే ఆమెది. అయినా ఆ ఇరవై నాలుగు పేజీల్ని పదకొండుసార్లు తిరగరాసింది. కథలో ఓ మాట తప్పిపోతే చదివేవాళ్ళు ఎలాగో సర్దుకుపోతారు. ఇక్కడ ఓ వాక్యం తప్పిపోతే నలుగురు మనుషులు బల్ల చుట్టూ గుడ్లప్పగించి కూచుంటారు.

ఇంట్లోవాళ్ళకి ఇదంతా వేడుకే. మేమెప్పుడైనా పుస్తకం చదువుకుని ఆటలాడామా అని అత్తగారు ముక్కున వేలేసుకునేది. కూతురు బళ్ళో వ్యాసం రాయమంటే "మా అమ్మ ఏమీ చెయ్యదు, ఆటలాడుకుంటుంది" అని రాసి, చక్కటి చేతిరాతకి మెప్పు కూడా కొట్టేసింది. ఇంటికి ఎవరొచ్చినా భర్త ఒకటే జోకు. మాకిద్దరు పిల్లలండీ, పెద్దపిల్ల ఇదిగో ఈవిడ. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి, భోజనాల బల్లమీద సగం మేర పరిచిన ఓడల్నీ బిళ్ళల్నీ అట్టపెట్టెలోకి ఎత్తి, ఆ చోట కాఫీ కప్పులు పెట్టేది.

పేపర్లో అయితే వేశారుగానీ, ప్రచురణ సంస్థవాళ్ళు మాత్రం ఆటని రెండుసార్లు వెనక్కి పంపారు. అన్నీ కుదిరాయిగానీ ఆడేవాళ్ళ మధ్య మాట పుట్టడం లేదని ఎడిటరమ్మ చెప్పింది. ఎవరి ఓడ వాళ్ళు నడుపుకుని ఎవరి దారిన వాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారట. ఆమె మళ్ళీ కూచుని రిపేరు చేసింది. మూడోసారి పిలుపొచ్చినప్పుడు భర్త మెత్తగానే అన్నాడు.

"ఇదే ఆఖరు అనుకో. వాళ్ళు తీసుకుంటే సంతోషం. లేదంటే ఆ బల్ల మళ్ళీ భోజనాలకి వదిలెయ్. అమ్మ ఒళ్ళో కంచం పెట్టుకుని ఎన్నాళ్ళు తింటుంది చెప్పు?"

సరేనంది. అనేసి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ కింద చేతులు పెట్టుకుని ఊరికే నిలబడింది. ఆట పోతే ఆట ఒక్కటే పోదని ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో తనకంటూ ఓ ఆలోచన పరుచుకుని కూచోగల చోటు ఆ సగం బల్లే. మిగతా ఇల్లంతా ఎవరో ఒకరికి ఏదో ఒకటి అందించే చోటే.

పరీక్ష ఓ శనివారం ఉదయం, స్టేషనరీ షాపు మేడమీద పొడవాటి గదిలో పెట్టారు. ఆ పరీక్షకో కట్టుబాటు ఉంది. ఆట ఎన్నడూ చూడనివాళ్ళని కూచోబెట్టి పెట్టె చేతికిస్తారు. తయారుచేసిన మనిషి అదే గదిలో ఉండాలి, కానీ నోరు విప్పకూడదు, చెయ్యి కదపకూడదు, తల కూడా ఊపకూడదు. వాళ్ళు తప్పుగా ఆడినా, బిళ్ళలు కిందపోసినా, జుట్లు పట్టుకున్నా సరే. రేపు పెట్టె అమ్ముడైతే దాంతోపాటు మనిషి వెళ్ళదు కదా. చెప్పాల్సిందేదో పుస్తకమే చెప్పాలి.

నలుగురు రావాల్సింది, ముగ్గురే వచ్చారు. రిటైరైన లైబ్రేరియన్ ఒకావిడ, ఓ పళ్ళ డాక్టరు, ఓ దర్జీ. నాలుగో మనిషికి జ్వరమట. ఆమెని దిగబెట్టడానికొచ్చి కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్న భర్త మీద ఎడిటరమ్మ కన్ను పడింది. ఇంట్లోవాళ్ళు పనికిరారు, వాళ్ళకి ఆట ముందే వచ్చేసుంటుంది అంటూనే, వేరే దారిలేక అడిగింది. అతను చాలా ఉదారంగా ఒప్పుకున్నాడు. నాకేం రాదండీ, మూడేళ్ళలో ఆ పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు, తను ఎలా ఆడమంటే అలా ఆడేవాణ్ణి అన్నాడు. గర్వంగానే అన్నాడు. పుస్తకంలో ఉన్నదే చెయ్యాలి, ఇంటి సంగతులు మేం అడిగితే తప్ప చెప్పకూడదు అని ఎడిటరమ్మ అతనికి షరతు పెట్టింది.

ఆమె గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని కూచుంది. లైబ్రేరియన్ పుస్తకం తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఓడ ఎలా వస్తుందో ఆవిడ చదువుతుంటే దర్జీ వేళ్ళు ఓడని అలాగే నడిపాయి. సరుకు ఎలా దిగుతుందో చదివితే డాక్టరు అలాగే దింపాడు. ముక్కూ మొహం తెలియని మనుషులు. పప్పు పొంగిపోకుండా ఓ కన్ను స్టవ్వు మీద పెట్టి తను రాసుకున్న వాక్యాలు. ఇంట్లో మూడుసార్లు పిలిస్తేగానీ పలకరు, ఇక్కడ తను నోరెత్తకుండానే ముగ్గురు పెద్దమనుషులు తన మాట పొల్లుపోకుండా వింటున్నారు. ఇదెలా జరుగుతోందో ఆమెకే అంతుపట్టలేదు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకుంటే చెయ్యి కదిపినట్టవుతుందేమోనని అలాగే ఉండిపోయింది.

మొదటి రోజు ఆట అయింది. లైబ్రేరియన్ పేజీ తిప్పి చదివింది. "పొద్దుగూకుతుంది. అల వస్తుంది. రేవు ఖాళీ అవుతుంది. తెల్లవారి కొత్త ఓడలతో రెండో రోజు మొదలవుతుంది."

నలుగురూ అట్టవైపు చూశారు. అది ఖాళీ కాలేదు. డెబ్బై రెండు బిళ్ళలూ కలగాపులగంగా, ఓడలు పక్కకి ఒరిగి, కార్డులు సగం బోర్లా సగం వెల్లకిలా. ఇప్పుడేం చెయ్యాలి, నీళ్ళు పొయ్యమంటారా అన్నాడు దర్జీ. డాక్టరు పుస్తకం లాక్కుని ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఎవరు తియ్యాలో లేదు. ఎక్కడ పెట్టాలో లేదు. కార్డులు కలపాలనీ లేదు.

ఆమె పదకొండుసార్లు రాసింది. ప్రతి కామా దగ్గరా ఆగి ఆలోచించింది. ఇంత పెద్ద సంగతి ఎలా రాయకుండా వదిలేసింది? అంతలోనే మూడేళ్ళ ఆదివారాలు వరసగా కళ్ళముందు తిరిగాయి. ఒక రోజు ఆట కాగానే భర్త ఒళ్ళు విరుచుకుని ఫోన్ తీసేవాడు. కూతురు మంచినీళ్ళకని పరిగెత్తేది. అత్తగారు పక్కింటావిడ సంగతి ఎత్తుకునేది. వాళ్ళు మళ్ళీ ఇటు తిరిగేసరికి బిళ్ళలన్నీ రంగులవారీగా సంచుల్లో ఉండేవి, ఓడలు వరసలో నిలబడి ఉండేవి, కార్డులు కలిపి ఉండేవి. అవన్నీ తన చేతులే చేశాయి. చేస్తున్నట్టు ఆ చేతులు తనకి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు చూడలేదంటే సరే, ఆట రాసిన మనిషి, అన్నీ చూడటమే పనిగా ఉన్న మనిషి, తనూ చూడలేదు. ఆమెకి అన్నిటికన్నా అదే వింతగా తోచింది. ఆ గదిలో తన చేతుల్ని కొత్తగా, ఎవరివో చూసినట్టు చూసుకుంది.

డాక్టరు భర్తవైపు తిరిగాడు. మీ ఇంట్లో ఆడారు కదా, అప్పుడు రేవు ఎలా ఖాళీ అయ్యేదండీ అని అడిగాడు. భర్త నిజంగానే ఆలోచించాడు. అది ఖాళీగానే ఉండేదండీ అన్నాడు. ఆ మాట తనకే ఎబ్బెట్టుగా వినిపించిందేమో, "ఆఁ, అది తను చేసేస్తుందిలెండి" అన్నాడు.

లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి గోడవార కుర్చీవైపు చూసింది.

"ఈవిడ పెట్టెలో రాదుగా బాబూ," అంది.

ఆ తర్వాత జరిగిందాన్ని ఆమె కుర్చీలోంచే చూసింది. మేం ఎత్తమంటే మేం ఎత్తమని ముగ్గురూ మొదలుపెట్టారు. నావి రెండే ఓడలు, నేనెందుకు ఎత్తాలని దర్జీ. నేను చదివి పెడుతున్నాను చాలదా అని లైబ్రేరియన్. చివరికి ఎక్కువ సరుకు దింపినవాళ్ళే ఎత్తాలని తేల్చారు. లెక్క చూస్తే అది భర్త. అతను నవ్వుతూనే దిగాడు. ఆకుపచ్చ బిళ్ళలు నీలం సంచిలో వేసి మళ్ళీ తీశాడు. ఓడల వరస తప్పితే డాక్టరు దిద్దాడు. కార్డులు కలపబోతే చేతుల్లోంచి జారి చెల్లాచెదురయ్యాయి. ఆరు నిమిషాలు పట్టింది. ఆమె మొదటిసారి ఆ పనిని దూరంగా కూచుని చూసింది. దానికో ఆకారం ఉంది, ఓ క్రమం ఉంది, ఎన్ని వంగడాలో, ఎన్ని ఏరడాలో. ఇంత పనా, ఇదంతా నేనా చేసింది అనుకుంది. ఎవరో గొప్ప మనిషి గురించి విన్నట్టు ఆమెకి తన మీద తనకే భక్తి లాంటిది కలిగింది.

రెండో రోజు నుంచి ఆట రూపమే మారిపోయింది. ఎక్కువ దింపితే ఎత్తాల్సొస్తుందని డాక్టరు ఓడని నడిసముద్రంలో ఆపేశాడు. నీ వంతు నేనెత్తుతా, ఆ ఎర్ర సరుకు నాకొదిలెయ్యమని దర్జీ బేరం పెట్టాడు. లైబ్రేరియన్ ఇద్దరికీ మాటిచ్చి ఇద్దరికీ ఎగ్గొట్టింది. మాట పుట్టడం లేదన్న ఆటలో ఒకరి మాట ఒకరికి వినిపించనంత గోల. ఎడిటరమ్మ రాసుకోవడం మానేసి కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.

బేరాలు చేతకాని భర్తకే నాలుగో రోజు కూడా రేవు ఎత్తే పని తగులుకుంది. అప్పటికి అతను నవ్వడం మానేశాడు. కుర్చీ కిందికి దొర్లిన పసుపు బిళ్ళ కోసం మోకాళ్ళమీద వంగాడు. చొక్కా వీపున చెమటపట్టింది. బల్ల పైన మిగతా ముగ్గురూ అయిదో రోజు బేరాల్లో మునిగిపోయి ఉన్నారు, అతని వైపు ఎవరూ చూడటంలేదు. అతను ఆ బిళ్ళ పట్టుకుని లేచి, ఎవరినని కాకుండా అడిగాడు.

"ఇంత చేస్తున్నాను, దీనికి నాకేం రాదా?"

బేరాలు ఆగిపోయాయి. పాపం, అతను ఆట గురించే అడిగాడు. అడిగాక మాత్రం అతని కళ్ళు ఎందుకో గోడవైపు వెళ్ళాయి. ఆమె కూడా అతన్నే చూస్తోంది. అతని మొహం మెల్లగా రంగు మారింది. పదమూడేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని అలా ఎన్నడూ చూడలేదామె.

ఎడిటరమ్మ లేచి ఓ తెల్ల కాగితం, పెన్నూ తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆటని తీసుకుంటున్నామని, వచ్చే నెలలోనే అచ్చుకిస్తామని చెప్పింది. ఆయన అడిగినదానికి జవాబు పుస్తకంలో ఉండి తీరాలి, అదొక్కటీ ఇప్పుడే రాసివ్వండి, ఇక మీరు మాట్లాడొచ్చు అంది.

ఆమె పెన్ను తీసుకుంది. జవాబు ఆమెకి అప్పుడే తట్టింది, ఎంత ఇస్తే ఆట నిలుస్తుందో కూడా లోపల తేలిపోయింది. కానీ రాయలేదు. కుర్చీ అతనివైపు తిప్పుకుని కూచుంది.

"ఏమిస్తే న్యాయమో మీరే చెప్పండి," అంది. "అదే రాస్తాను."

అతను చేతిలోని పసుపు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆమెకి తొందరేం లేదు.