ట్రామ్ రాని వారం

సోమవారం నుంచి మా కిటికీ కింద మలుపులో ట్రామ్ పట్టాలు తవ్వేస్తున్నారు. బుడాపెస్ట్‌లో ఈ రెండో అంతస్తు గదిలో ముప్పై ఏళ్లుగా వయొలిన్ నేర్పుతున్నాను. ట్రామ్ కీచుమనని రోజు లేదు. ఇప్పుడు మధ్యాహ్నం పూట ఈ నిశ్శబ్దానికి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"మళ్లీ అపస్వరమేనా! అది వయొలినండీ, బ్రేకు కాదు. అలా బిగించి పట్టుకోకండి!" అని గెడియోన్ మీద అరిచాను. ఆయన ఆ ట్రామే నడిపి, రిటైరయ్యాక నా దగ్గర చేరాడు.

"మీరోసారి వాయించి చూపించండి టీచరమ్మా."

వయొలిన్ లాక్కుని మొదలుపెట్టాను. మూడో వరుస చివర, వేలు ఒక్కసారిగా పైస్వరానికి పాకాల్సిన చోట, ఆగి కిటికీ వైపు చూశాను. ఎప్పుడూ అక్కడే ఆగి, ట్రామ్ చప్పుడని విసుక్కుని, మళ్లీ మొదటి నుంచి అందుకుంటాను. శిష్యులు నమ్మేవారు. పోనుపోను నేనూ నమ్మాను. ఇరవయ్యేళ్ల వయసులో ఆర్కెస్ట్రాలో చేరే పరీక్షలో నా వేలు జారింది అక్కడే.

గెడియోన్ నవ్వలేదు.

"నేను ట్రామ్‌తో మలుపు తిరిగినప్పుడల్లా మీ పాట ఇక్కడే ఆగిపోయేది. నా బండి వల్లేనని మా ఆవిడ దగ్గర తెగ బాధపడేవాణ్ణి. మిగతాది ఎలా ఉంటుందో వినాలని ఎన్నాళ్లుగానో ఉంది."

లేచి, కిటికీలోంచి తవ్విన పట్టాలకేసి చూశాడు.

"ట్రామ్ వెళ్లిపోయింది టీచరమ్మా. కానివ్వండి."