చివర మిగిలిన ఒకటి

లెక్కల మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కాలేజీ వరండా గోడను మళ్ళీ చూశారు. ఆఖరి అంకె ఐదు. ఎన్నిసార్లు తుడుచుకుని చూసినా ఐదే.

ఆ గోడ కోసం ఆయన ఆరేళ్ళు ప్రిన్సిపాల్‌ చుట్టూ తిరిగారు. ఐదువందల ఇరవయ్యొక్క రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే నూట యాభైయేడు అంకెల ప్రధాన సంఖ్య వస్తుంది. ఒకటీ తనూ తప్ప ఏదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. అంతటిదాన్ని గోడమీద రాయించి, పిల్లలు రోజూ కళ్ళారా చూడాలని మాస్టారి కోరిక. కామర్స్ చదివిన ప్రిన్సిపాల్‌ చివరికి ఒప్పుకున్నారు గానీ, "ఒక్క తప్పు కనబడిందా, సున్నం కొట్టించేస్తా" అని మెలిక పెట్టారు. పదకొండింటికి చూడటానికి వస్తానన్నారు. ఇప్పుడు పదింపావు.

"చివర ఇంకో ఒకటి ఉండాలి కదండీ?" అన్నారు మాస్టారు మెల్లగా.

పెయింటరు కుంచె కడుక్కుంటున్నాడు. "నేనే వదిలేశా మాస్టారూ. వరసకి పదమూడేసి, పన్నెండు వరసలు అద్దినట్టు కుదిరాయి. మిగిలింది పెద్ద అంకె కూడా కాదు, ఒకటే కదా."

"అది లేకపోతే ఐదో ఎక్కంలో పోతుందండీ. మూడో తరగతి పిల్ల కూడా పట్టేస్తుంది."

"ఒక్కటే కింద వేలాడుతుంటే నా పరువేం కావాలి? వరసలు మార్చేద్దాం."

"నూట యాభైయేడు కూడా ప్రధాన సంఖ్యేనండీ. ఎలా సర్దినా కుదరదు."

పెయింటరు నమ్మలేదు. సుద్దముక్కతో నేలమీద చతికిలబడ్డాడు. పదకొండేసి వేస్తే మూడు మిగిలాయి. తొమ్మిదేసి వేస్తే నాలుగు. పదిహేనేసి వేస్తే ఏడు.

"అచ్చం మా పెద్ద బావమరిదే. ఎవరి పక్కన కూర్చోబెట్టినా ఇమడడు" అంటూ లేచి, అన్నిటికన్నా సన్నని కుంచె తీసి, పదమూడో వరసలో ఆ ఒక్క అంకెనూ వేశాడు. మిగతా నూట యాభైయారింటికీ చూపించని శ్రద్ధ దానికి చూపించాడు. మాస్టారికి ఎందుకో కడుపు నిండినట్టయింది.

ప్రిన్సిపాల్‌ వచ్చారు. ఆయన చూపు తిన్నగా దానిమీదే పడింది.

"ఈ తోకేమిటి? పైకెక్కించండి. లేదంటే సున్నమే."

సిద్ధాంతం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని మాస్టారు ఆలోచిస్తున్నారు. ఇంతలో పెయింటరు ముందుకొచ్చాడు.

"వరసకి ఎన్నేసి వెయ్యమంటారు సార్?"

"పన్నెండు."

"ఒకటి మిగులుద్ది."

"పద్నాలుగు."

"మూడు."

ప్రిన్సిపాల్‌ ముఖం కందింది. "ఎందుకు కుదరదో నేనూ చూస్తా" అంటూ సుద్దముక్క లాక్కున్నారు. పంతొమ్మిదేసి వేశారు, ఐదు మిగిలాయి. ఇరవైమూడేసి వేశారు, పంతొమ్మిది మిగిలాయి. మాస్టారు ఆయన కోసం కుర్చీ తెప్పించారు. ఆయన కూర్చోలేదు, మోకాళ్ళమీదే ముందుకు జరిగారు.

"మరి సున్నం, సార్?" అడిగాడు పెయింటరు.

ప్రిన్సిపాల్‌ తలెత్తలేదు. "ఆ సంగతి తర్వాత. ముందు ఇంకో సుద్దముక్క ఇటివ్వు."