విరామంలో దిగివచ్చే మనిషి

జువ్వలదిన్నె హార్బరు గోడ దాటినాక ఇసక మీద వరసగా ఉండే ఇళ్ళలో ధనలక్ష్మి ఇల్లు చివరిది. సాయంత్రం ఎండు చేపలు గోనెలకెత్తి, కాళ్ళకు అంటిన ఇసక కడుక్కొని, టీకి నీళ్ళు పెట్టి ఆమె టీవీ పెడుతుంది. ఆ వేళకు వచ్చేది అంతరిక్షం సీరియలు. దానికేదో పొడుగాటి పేరుంది గానీ ఊళ్ళో అందరూ చుక్కల ఓడ అనే అంటారు. భూమి నుంచి బయలుదేరి దారి తప్పిన ఓడ ఒకటి, అందులో కొందరు జనం, వాళ్ళకు కెప్టెన్ అనిరుధ్.

మధ్యలో సబ్బుల ప్రకటనలు మొదలుకాగానే అనిరుధ్ టీవీలోంచి దిగి వస్తాడు. తల వంచి, బల్ల అంచు పట్టుకొని, ఒక కాలు తర్వాత ఒక కాలు కింద పెట్టి, పీట మీద కూచుంటాడు. ధనలక్ష్మి టీ ఇస్తుంది. ఓడలో వాళ్ళకు గొట్టంలోంచి పీల్చే గంజి తప్ప ఇంకేమీ ఉండదు, అందుకని ఆ టీ అంటే ఆయనకు ప్రాణం. ప్రకటనలు అయిపోవస్తున్నాయనగా గ్లాసు పక్కన పెట్టి లోపలికి పోతాడు. మొదట్లో ఇరుగుపొరుగు వచ్చి పలకరించేవాళ్ళు. పక్కింటి ఆదిశేషమ్మ ఒకసారి ఆయన సూటుకు మోకాలి దగ్గర ఊడిపోయిన కుట్టు వేసిచ్చి, గుడ్డ మంచిది కాదని కూడా చెప్పింది. తర్వాత్తర్వాత ఆయన వచ్చి కూచున్నా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

ఆయన మాట్లాడేదంతా తమ్ముడి గురించే. తమ్ముడు తేజస్ అదే ఓడలో మరమ్మతులు చూస్తాడు. తండ్రి పోతూ పోతూ ఓడను పెద్దకొడుకు చేతిలో పెట్టినప్పటి నుంచి అన్నదమ్ముల మధ్య మాట పోయింది. మిగిలిందల్లా ఆర్డరే. ఇంజను చూడు, తలుపు తెరువు, వెనక్కి రా.

"ఇన్ని ఎపిసోడ్లలో వాడితో ఇంకో మాట మాట్లాడలేదక్కా. వాళ్ళు రాయలేదు. రాయని మాట నా నోటికి రాదు" అన్నాడొకరోజు.

ధనలక్ష్మి ఇంట్లోనూ అదే కథ, ఎవరూ రాయకపోయినా.

ఆమె భర్త మాలకొండయ్య. అమ్మానాన్నలు పోయినాక తమ్ముడు పెంచల్‌ను భుజాన వేసుకొని సాకినవాడు. ఇద్దరికీ కలిపి ఒక ఫైబర్ బోటు. వల దగ్గర పెంచల్, ఇంజను దగ్గర మాలకొండయ్య. ఎన్నో ఏళ్ళు అట్లాగే జరిగింది. ఆ ఏడు ఎండాకాలం నిషేధం ముగిసి వేట మళ్ళీ మొదలైన కొత్తలో ఒకరోజు అన్నకు జ్వరమైతే పెంచల్ ఇంకొకరిని వెంటబెట్టుకొని బోటు తీసినాడు. ఆయిలు చూసుకోలేదు. నడి సముద్రంలో ఇంజను పట్టేసింది. చీకటి పడే వేళకు వేరే బోటు వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చినారు. ఒళ్ళు కాలిపోతుండగా ఒడ్డున నిలబడి ఎదురుచూసిన మాలకొండయ్య, తమ్ముడు ఇసకలో కాలు పెట్టగానే చెంప మీద కొట్టినాడు. వలలు దులిపే జనం చూస్తున్నారు. పెంచల్ భార్య భానుప్రియ, పెళ్ళయి ఏడాది కూడా కాని పిల్ల, తట్ట పట్టుకొని అక్కడే ఉంది.

మర్నాటి నుంచి పెంచల్ అన్నతో వేటకు రాలేదు. ఎవరిదో పాత బోటు బాడుగకు తీసుకొని ఒంటరిగా పోవడం మొదలుపెట్టినాడు. వలా ఇంజనూ ఒక్కడే చూసుకోవడం ఎంత ప్రమాదమో మాలకొండయ్యకు తెలుసు. కొట్టినది కోపంతో కాదు, భయంతో అని కూడా తెలుసు. కానీ పెద్దవాడు చిన్నవాడి ముందు తగ్గి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ధనలక్ష్మి పోయి మరిదిని అడిగింది. "అన్నను పిలవమను వదినా, వస్తాను" అన్నాడతను. ఆమె వచ్చి ఆ మాట చెబితే మాలకొండయ్య తన అరచేతులు చూసుకుంటూ కూచున్నాడు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం అనిరుధ్ దిగి వచ్చి టీ ముట్టుకోలేదు. రేపటి భాగం సంగతి చెప్పినాడు. ఓడకు పడిన చిల్లు పూడ్చడానికి తేజస్ బయటికి పోతాడు. అప్పుడే రాళ్ళవాన మొదలవుతుంది. మిగతా జనాన్ని కాపాడుకోవడానికి, తమ్ముడు బయట ఉండగానే, కెప్టెన్ తలుపు మూయించాలి. ఆ మాట ఆయన నోట్లో రాసిపెట్టి ఉంది.

"కానీ అంతకు ముందు విరామం వస్తుందక్కా. విరామంలో ఎవరూ ఏమీ రాయరు. ఈ మైకు తెచ్చుకుంటాను. ఇక్కడ కూచుని వాణ్ణి పిలుస్తాను" అని భుజానికున్న చిన్న మైకు చూపించినాడు. కొత్తగా మాటలు నేర్చిన పిల్లాడిలా సిగ్గుపడుతూ చెప్పినాడు.

మర్నాడు మధ్యాహ్నానికి అల్పపీడనం ముదిరిందని, బోట్లన్నీ వెనక్కి రావాలని మైకులో చెప్పుకుంటూ పోయినారు. తెల్లవారకముందే పోయిన బోట్లు ఒక్కొక్కటే వచ్చినాయి. పెంచల్ రాలా. ఫోను చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది. మాలకొండయ్య మనుషులను పోగేసి బోటు నీళ్ళలోకి తోసినాడు. అల దాన్ని తిరగేసి ఇసక మీద పడేసింది. మళ్ళీ తోసినాడు. మళ్ళీ అంతే. ఇంకోసారి పోబోతుంటే జనం రెక్కలు పట్టుకొని ఆపినారు. హార్బరులో పెద్ద బోట్ల వాళ్ళను కాళ్ళావేళ్ళా పడితే, సముద్రం నెమ్మదించే దాకా ఎవరూ కదలకూడదని ఆఫీసర్లు చెప్పినారన్నారు. ఇంక చేసేది ఏమీ లేక మాలకొండయ్య ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూలబడినాడు. భానుప్రియ తడిసిన చీరతోనే వచ్చి గడప దగ్గర కూచుంది. ఆ చెంపదెబ్బ తర్వాత ఆమె ఆ ఇంటికి రావడం అదే మొదలు.

ధనలక్ష్మి టీవీ పెట్టింది. పెట్టకపోతే ఆయన రాలేడు కదా అనుకుంది. కరెంటు పోతే బాగుండునని కూడా అనుకుంది, పోతే ఆయన ఆ తలుపు మూయనక్కర్లేదు. ఆ గాలిలోనూ కరెంటు పోలేదు. తేజస్ ఓడ బయట తాడు పట్టుకొని వేలాడుతున్నాడు. దూరంగా రాళ్ళవాన కనబడింది. ప్రకటనలు వచ్చినాయి.

అనిరుధ్ గబగబా దిగినాడు. మైకు అప్పటికే చేతిలో ఉంది. పీట దగ్గరికి పోతూ గోడ వారగా ఉన్న మనిషిని చూసి, గడప దగ్గరున్న పిల్లను చూసి, ఏమైందని ధనలక్ష్మిని అడిగినాడు.

"మా మరిది రాలా సారూ. పొద్దున పోయినాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

ఆయన చేతిలోని మైకు వంక చూసినాడు. టీవీలో సబ్బు ప్రకటన అయిపోయి, నూనె ప్రకటన మొదలైంది. ధనలక్ష్మికి ఆయన ఏం ఆలోచిస్తున్నాడో తెలిసింది. ఇమ్మనీ అనలేకపోయింది, వద్దనీ అనలేకపోయింది. ఆయన పోయి మాలకొండయ్య ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"ఇది ఎంత దూరమైనా పోతుంది. ఒక్కరికే పోతుంది" అని మైకు అతని చేతిలో పెట్టినాడు.

మాలకొండయ్య దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. నోరు తెరిచినాడు గానీ మాట రాలేదు. కొట్టినందుకు ఏమనాలో, ఎట్లా మొదలుపెట్టాలో అతనికి తెలియదు. నూనె ప్రకటన కూడా అయిపోవస్తోంది. "చెప్పు బావా" అంది భానుప్రియ.

"పెంచలా" అన్నాడు మాలకొండయ్య. మళ్ళీ అన్నాడు. ఇంకేమీ రాక, చిన్నప్పుడు పొద్దుగూకే వేళ ఇసకలో ఆడుకునేవాణ్ణి అన్నానికి కేకేసినట్టు, పేరు ఒక్కటే సాగదీసి పిలుస్తూ పోయినాడు. ప్రకటనలు ముగిసేదాకా పిలుస్తూనే ఉన్నాడు. అనిరుధ్ మైకు తీసుకొని భుజానికి తగిలించుకున్నాడు. ఆయన లోపలికి పోయేటప్పుడు ధనలక్ష్మి మొహం పక్కకు తిప్పుకుంది.

తలుపు మూసేయమని ఆయన చెప్పడం, తలుపు మూసుకోవడం, అద్దం అవతల తేజస్ చెయ్యి కాసేపు కనబడి తర్వాత కనబడకపోవడం అన్ని ఇళ్ళలో వచ్చినట్టే ఆ ఇంట్లోనూ వచ్చింది. కోవూరులో ఉన్న ధనలక్ష్మి చెల్లెలు ఫోను చేసి, ఈ రోజు కెప్టెన్ ఎంత బాగా చేసినాడో చూసినావా అని అడిగింది.

వెలుతురు పూర్తిగా పోకముందే పెంచల్ బోటు హార్బరుకు దక్షిణాన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వలా లేదు, పక్క పలకా లేదు. మాలకొండయ్య నడుం లోతు నీళ్ళలోకి పోయి తమ్ముణ్ణి చంకల కింద చేతులేసి ఎత్తుకొచ్చినాడు. ఆ పూట అన్నం అందరూ ఆ ఇంట్లోనే తిన్నారు. తుఫాను తెరిపిచ్చినాక అన్నదమ్ములు మళ్ళీ ఒకే బోటులో పోయినారు. ఇంజను దగ్గర ఈసారి పెంచల్ కూచున్నాడు.

సీరియలు నడుస్తూనే ఉంది. అనిరుధ్ వస్తూనే ఉన్నాడు, టీ తాగి పోతున్నాడు. తమ్ముడి ఊసు ఎత్తడం మానేసినాడు. ఎన్నడూ టీవీ ముందు కూచోని పెంచల్ ఇప్పుడు ఆ వేళకు వచ్చి పీటకు పక్కన నేల మీద కూచుంటున్నాడు. ధనలక్ష్మి ఇద్దరికీ టీ పోస్తుంది.

ఒకరోజు ప్రకటనలు సగం అయినాక అనిరుధ్ అడిగినాడు.

"అక్కడ నీకేం వినబడింది?"

పెంచల్ టీ గ్లాసు కింద పెట్టినాడు. "చుట్టూ మబ్బు సారూ. ఒడ్డు ఎటుందో తెలీలా. నేను సముద్రం లోపలికి పోతున్నా, ఒడ్డుకనుకొని. చచ్చిపోయిన ఫోనులోంచి అన్న గొంతు వినబడింది. ఒక పక్కకు తిరిగితే గట్టిగా, ఇంకో పక్కకు తిరిగితే సన్నగా. గట్టిగా ఉన్న వైపు పోయినా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలా. పేరు పిలిచినాడు, అంతే."

"పేరొక్కటేనా?"

"ఒక్కటే."

"నేను పెద్దగా తయారుచేసుకున్నాను" అన్నాడు అనిరుధ్. "ఎన్నో మాటలు. విరామం చాలదేమో అనుకున్నాను."

లోపల సంగీతం మొదలైంది. ఆయన లేచి, తల వంచి, ఒక కాలు తర్వాత ఒక కాలు పెట్టి తన ఓడలోకి పోయినాడు. అక్కడ జనం వరసగా నిలబడి ఆర్డరు కోసం చూస్తున్నారు. ఆయన ఇచ్చినాడు.