అటువైపు జరిపిన స్టూలు

‘పరిశోధన: మా బృందం’ అని సినిమా కంపెనీవాళ్లు తెరమీద బారెడు అక్షరాలు వేసుకున్నారే, ఆ బృందంలో ఒక్కరైనా ఆ సబ్బుల ఫ్యాక్టరీ గడప తొక్కారా? తొక్కలేదు. తొక్కింది ఒక్కతే. సొంతంగా డాక్యుమెంటరీలు తీసుకునే మనిషి. ఏ సంగతైనా అడుగంటా తవ్వందే వదలదని తోటివాళ్లు ఆమెను గునపం అంటారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, సబ్బులకు అచ్చువేసే యంత్రాల కింద వేళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. మొదట్లో వాళ్లు తలుపు కూడా తీయలేదు. కెమెరా ఇంట్లో వదిలేసి వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టింది. అప్పుడుగానీ నోళ్లు విప్పలేదు.

ఆమె సినిమా పూర్తయ్యాక ఆ పెద్ద కంపెనీవాళ్లు ‘ఒకసారి చూసి ఇస్తాం’ అన్నారు. నమ్మి, తీసిందంతా వాళ్ల చేతిలో పెట్టింది. బాగుందన్నారు. పెద్దవాళ్లు బాగుందన్నారంటే జేబులో వేసుకున్నారని అర్థం. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆదివారం పొద్దున టీవీలో ఆ కంపెనీ సినిమా వచ్చింది. గునపం, ఆమె పిన్ని పక్కపక్కన కూర్చుని చూశారు. పిన్ని ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషే. గునపం తీసిన సినిమాలో మొదట మాట్లాడిందీ ఆమే. కథ అదే, వరస అదే. అయినా వాళ్లూ తిరిగి కనుక్కున్నారేమోలే అని గునపం తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఇంతలో తెరమీద ఒక నటి వచ్చి యంత్రం ముందు కూర్చుంది. పిన్ని పకపకా నవ్వింది.

“అదేంటే, ఆ పిల్ల అటువైపు కూర్చుంది? పిడి వెనక్కొస్తే మూతి పగిలిపోదూ?”

గునపానికి నవ్వు రాలేదు. “అది నా తప్పే పిన్నీ. నీ మొహంమీద వెలుతురు పడాలని ఆరోజు స్టూలు అటు జరిపింది నేనే.”

“అవును కదూ! ‘యంత్రం ఇప్పుడు తిరగదులే పిన్నీ’ అని బలవంతాన కూర్చోబెట్టావు. నీ తిక్క వాళ్లకూ అంటిందన్నమాట!”

మర్నాడు ఇద్దరూ కంపెనీ ఆఫీసుకు బయల్దేరారు. దారిలో, గునపం సినిమాలో మాట్లాడిన ఒకావిడ ఇంటి దగ్గర ఆగారు. ఆవిడ తలుపు సందులోంచే అడిగింది: “మా గోడు వాళ్లకు అమ్మేశావా తల్లీ?” గడియ పడిన చప్పుడైంది.

ఆఫీసులో నిర్మాత చల్లటి నీళ్లిప్పించాడు.

“చూడండి మేడమ్, నిజాలు ఎవరి సొత్తూ కావు కదా.”

“కావు. ఆ స్టూలు అటు జరపడం మాత్రం నిజం కాదు, నా పొరపాటు. అది మీకెక్కడ దొరికింది?”

నిర్మాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సరే, చివర్లో కృతజ్ఞతలని మీ పేరు వేయిస్తాం.”

“చీమలు చదువుకునే అక్షరాలతోనా బాబూ?” అంది పిన్ని.

“పేరుదేముందమ్మా, పెద్దగా వేస్తే ఏమొస్తుంది?”

“మూసిన తలుపు తెరుచుకుంటుంది,” అంది గునపం. గొంతు పెంచలేదు. “నేను అమ్ముకోలేదని వాళ్లకు తెలియాలి. రేపు సాయంత్రం మళ్లీ వేస్తున్నారుగా, ఈలోపు ఆ ‘మా బృందం’ పీకేయండి. పరిశోధన నాదని, నన్నడక్కుండా వాడుకున్నామని మొదట్లోనే వేయండి. మీ పేరు ఎంత పెద్దగా ఉందో అంత పెద్ద అక్షరాలతో. ఆ ఆడవాళ్ల ఇళ్లకు మీరే వెళ్లి అడగండి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు నా పేరుకంటే ముందు పెట్టండి. మీ ఎడిటర్ని పిలవండి. ఇప్పుడే.”