పద్నాలుగు చుట్లు

నేను ఒక ఇనుప రాడ్డును. ప్రస్తుతం ఒక బియ్యం బస్తాలో నిలువునా పాతుకుని ఉన్నాను. కథ తర్వాత చెబుతాను, ముందు నా బాధ వినండి. ఇవి బడి పిల్లల వంటకు ప్రభుత్వం ఇచ్చే బియ్యం. వీటిలో పురుగులున్నాయని నేను అనకూడదు, నేను కూడా ప్రభుత్వ ఆస్తినే. కానీ నా అడుగున ఒక చదరపు గుంట ఉంది. నిన్న అందులో ఒక కుటుంబం కాపురానికి దిగింది. ఇవాళ వాళ్ల చుట్టాలొచ్చారు. గోక్కుందామంటే నాకు చేతులు రెండూ అడ్డంగా ఉన్నాయి, వంగవు.

అయినా ఇంత ఉత్సాహం నా జన్మలో ఎప్పుడూ లేదు! ఊరి మున్సిపాలిటీ మొత్తం నా కోసం వెతుకుతోంది. నా పేరు మీద ఫైలు తెరిచారు! ఆ ఆఫీసులో మనుషులకే ఫైలు కదలదు, నాది తొమ్మిది రోజుల్లో నాలుగు బల్లలు దాటింది.

నేనేం పని చేస్తానో చెబుతాను. నా పొడవు రెండున్నర అడుగులు. పైన పట్టుకోడానికి అడ్డపిడి, కింద గుంట. రోడ్డు మధ్యలో ఇనుప మూత ఎత్తి, గోతిలోని నీళ్ల వాల్వు తల మీద నన్ను కూర్చోబెట్టి తిప్పితే వీధి కుళాయిలకు నీళ్లొస్తాయి. వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. పెద్ద సభల్లో ఎవరు ఏం మాట్లాడినా, ఏ పథకానికి ఎవరి పేరు పెట్టినా, మా ఊళ్లో ప్రభుత్వం అంటే చివరికి నేను ఎన్ని చుట్లు తిరిగానన్నదే. గొప్పలు పోవడం లేదు, పైపుల లెక్క అది.

నన్ను చేసింది సోమలింగాచారి గారనే కమ్మరి. ఆ వాల్వులు ఏ కాలానివో ఎవరికీ తెలియదు. బజార్లో దొరికే ఏ రాడ్డూ వాటికి పట్టదు. చారి గారు గోతిలోకి దిగి, మైనం ముద్దతో వాల్వు తల అచ్చు తీసుకుని, మూలనపడ్డ మున్సిపాలిటీ జీపు ఇరుసులోంచి నన్ను సాగదీశారు. ఆ జీపులో ఆరుగురు ఛైర్మన్లు తిరిగారట. అందుకే నాకు పుట్టుకతోనే కాస్త అధికారం వాసన. "దీనికి జోడీ లేదు, రెండోది కూడా చేయించుకోండి" అన్నారు చారి గారు. మంచి ఆలోచన అని ఫైలు పెట్టారు. చారి గారు పోయి పదేళ్లయింది. ఫైలు ఆరోగ్యంగా ఉంది.

పుట్టినప్పట్నుంచి నేను కర్రి ముసలయ్య చేతిలోనే ఉన్నాను. ఇరవయ్యేళ్ల కుర్రాడిగా ఉద్యోగంలో చేరిన రోజున కూడా ఆయన ముసలయ్యే, పేరు అది. వాల్వులు తిప్పడం ఆయన పని. నన్ను సైకిలు బారుకు కట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరతాడు.

మా గోతిలో రెండు వాల్వులు. ఒకటి లేక్‌వ్యూ విల్లాలకు వెళ్తుంది. లేక్ ఎక్కడ అని అడక్కండి, దాన్ని పూడ్చే ఆ విల్లాలు కట్టారు. రెండో పైపు ఉద్యోగుల కాలనీ మీదుగా వెళ్లి, కుమ్మరివీధి చివర ఆగిపోతుంది. రోజు విడిచి రోజు, పొద్దున్న అయిదున్నరకు నలభై నిమిషాలు నీళ్లు. వాల్వు పూర్తిగా తెరవాలంటే పద్నాలుగు చుట్లు. విల్లాలకు పద్నాలుగూ తిప్పేవాళ్లం. రెండో దానికి నాలుగు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి కాగితం మీద ఉండవు. ఉంటే ఎవరైనా చించేయగలరు.

కాలనీకి పెద్ద దిక్కు దక్షిణామూర్తి మేస్టారు. సోషల్ టీచరుగా రిటైరై, సంక్షేమ సంఘానికి అధ్యక్షుడయ్యారు. నీళ్ల రోజున లుంగీ, చేతిలో పేపరుతో గోతి దగ్గరికి వచ్చేవారు.

"ఈ ప్రభుత్వాలు ఉన్నవాళ్ల కోసమేనయ్యా ముసలయ్యా! మనలాంటి సామాన్యుల్ని ఎవడు పట్టించుకుంటాడు?"

"ఆయ్, అదేగదండి" అనేవాడు ముసలయ్య, తిప్పడం ఆపకుండా.

కాలనీలో సామాన్యులు చాలామంది. రెండు ఏసీల సామాన్యులు, మూడు ప్లాట్ల సామాన్యులు. వాళ్లు విల్లాల వైపు తిరిగినప్పుడే సామాన్యులు. కుమ్మరివీధి వైపు తిరిగితే మాత్రం "వాళ్లకేం, అన్నీ ఫ్రీయే కదా" అంటారు. మెడ అటూ ఇటూ తిప్పినంతలో మనిషి తరగతి మారిపోవడం నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది. నేను మారాలంటే నాలుగు చుట్లయినా తిరగాలి.

కుమ్మరివీధి చివరింట్లో ఉంటుంది వరహాలమ్మ. బడిలో నూట పన్నెండు మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. బడి బోరు ఎండిపోయి రెండేళ్లయింది కాబట్టి ఇంటి దగ్గరే వండి రిక్షాలో తీసుకెళ్తుంది. నీళ్లు అందక ఈ ఏడాది రెండుసార్లు వంట ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ గారు నిలబెట్టి చెప్పేశారు. ఆ పని తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు.

ఇక ఆ గురువారం! తలుచుకుంటే నా తుప్పు రాలుతోంది.

విల్లాల్లో ఒక కాంట్రాక్టరు గారి గృహప్రవేశం. మంత్రి గారు వస్తున్నారు. పెరట్లో ఈత కొలను నిండాలి. ముందురోజు సాయంత్రమే మా ఇంజనీరు ఏఈ గారు ముసలయ్యను పిలిచారు.

"రేపు రెండో వాల్వు ముట్టుకోకు. మొత్తం విల్లాలకే."

"సార్, బడి వంట ఉందండి…"

"ఒక్కపూట పిల్లలు బిస్కెట్లు తింటే ఏమవుతుందయ్యా?"

మర్నాడు మేం వెళ్లేసరికి గోతి మూత మీద వరహాలమ్మ కూర్చుని ఉంది. చుట్టూ ఆరు బిందెలు, వెనకాల వీధి ఆడవాళ్లు. కబురు ముందే తెలిసిపోయింది. ఏఈ గారింట్లో గిన్నెలు తోమేది వరహాలమ్మ పక్కింటావిడే మరి.

"బాబాయ్, ఇయ్యాల నీళ్లు రాకపోతే నా పని పోద్ది" అంది వరహాలమ్మ.

"లెగమ్మా. నెలాఖరుకి నాకు రిటైర్మెంటు. ఈ టైములో నా నెత్తి మీదకి తేకు."

"నీ రిటైర్మెంటు నెలాఖరుకి. నాది ఇయ్యాలే."

అప్పుడే దక్షిణామూర్తి మేస్టారు వచ్చారు. గుంపును చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న రాయి మీదకెక్కి పేపరు చుట్టి పైకెత్తారు.

"వరహాలమ్మ పోరాటం న్యాయమైంది! పేదవాడి గొంతు తడపలేని ప్రభుత్వం ధనవంతుడి కొలను నింపుతోంది! ఉద్యోగుల కాలనీ యావత్తూ మీ వెనకుంది!"

ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు.

ఈలోగా ముసలయ్య నన్ను సైకిలుకు ఆనించి, వంగి చెప్పు సర్దుకోసాగాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను వదిలేసి చెప్పు సర్దుకోవడం నేను చూడలేదు. పైగా ఆ చెప్పుకు ఏమీ కాలేదు.

వరహాలమ్మ నన్ను అందుకుంది. రోజూ నూటపన్నెండు మంది అన్నం కలిపే చేతులండీ! మూత ఎగిరింది, నన్ను రెండో వాల్వు మీద కూర్చోబెట్టింది, తిప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక్కడ నేను అలవాటు ప్రకారం ఆగిపోయాను. ఆవిడ ఆగలేదు. అయిదో చుట్టుకు ఏళ్ల నాటి తుప్పు కిర్రుమంది. వెనక ఆడవాళ్లు లెక్క అందుకున్నారు. తొమ్మిది! పదకొండు! పదమూడు! పద్నాలుగు! జీవితంలో మొదటిసారి ఆ వైపు నేను పూర్తిగా తిరిగాను. కళ్లు తిరిగాయంటే నమ్మండి, నాకు కళ్లు లేకపోయినా.

అందరూ కుళాయిల దగ్గరికి పరిగెత్తారు. బుస్సుమని గాలి వచ్చింది. నీళ్లు రాలేదు.

ఊరి ఎత్తు ట్యాంకు నిండుగా ఉంది. విల్లాల వాల్వు ఇంకా మూసే ఉంది. మా వాల్వు బార్లా తెరిచే ఉంది. మరి నీళ్లేవి? వరహాలమ్మ రోడ్డు మధ్య నిలబడి చెవి రిక్కించింది. కాలనీ పొడుగునా ఝుమ్మని ఒకటే నాదం.

"మేస్టారూ, మీ ఇంట్లో తుమ్మెదల్ని పెంచుతున్నారేటండీ?"

మేస్టారు రాయి మీదే ఉన్నారు. "అది… ఫ్రిజ్జమ్మా."

"ఫ్రిజ్జు పెరట్లో పెట్టుకున్నారాండీ? కుళాయి పక్కన?"

"పాత ఫ్రిజ్జు."

"వరసన అందరివీ పాత ఫ్రిజ్జులేనాండీ?"

ఎవరో ఆడమనిషి గోడ మీంచి తొంగిచూసింది. పెరట్లో బోర్లించిన బుట్ట, బుట్ట మీద గుడ్డ, గుడ్డ మీద పసుపు కుంకుమ. బుట్ట కింద నీళ్లు లాగే మోటారును దేవుణ్ణి చేశారు. తనిఖీకి వచ్చినవాడు కూడా దణ్ణం పెట్టి వెళ్లిపోవాల్సిందే. కాలనీలో అలాంటి దేవుళ్లు ఇరవై రెండు ఇళ్లలో వెలిశారు. పైపులో ఉన్న నీళ్లన్నీ దారిలోనే లాగేస్తున్నారు. నేను నాలుగు చుట్లు తిరిగినా పద్నాలుగు తిరిగినా కుమ్మరివీధికి గాలే!

ఇన్నాళ్లూ నేనే ప్రభుత్వాన్ని అనుకున్నాను. నా వెనక ఇంత మంది సామాన్యులు ఉన్నారని తెలియదు.

టైము అయిదూ నలభై. వరహాలమ్మ బిందె మీద కూలబడింది. సరిగ్గా అప్పుడు, ఫటేల్మని ఊరి కరెంటు పోయింది.

ఝుమ్మన్నది ఆగింది. కాలనీ నిశ్శబ్దం. తర్వాత కుమ్మరివీధిలో ఒక కేక! ఆ ఒత్తిడి ఎరగని కుళాయి తల ఊడి, ఎగిరి, ఎదురింటి పెంకు మీద పడింది. నీళ్లు! నిలువెత్తు నీళ్లు! బిందెలు, బకెట్లు, పిండి గిన్నెలు, చివరికి ఒక హెల్మెట్టు, దొరికినవన్నీ పట్టారు. ప్రభుత్వం ప్రజలకు చేసిన మేళ్లలో కరెంటు కోత కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

ముసలయ్య ఫోను జేబులో పెట్టుకోవడం నేను చూశాను. సబ్‌స్టేషన్లో ఆయన బావమరిది పని చేస్తాడు. నాకు తెలిసింది అంతే. విచారణలో కూడా ఇదే చెబుతాను.

ఆ రోజు బడిలో గంట కొట్టే వేళకు అన్నం, పప్పు, గుడ్డు నూటపన్నెండు కంచాల్లో పడ్డాయి. వరహాలమ్మ పని నిలబడింది. అక్కడ మంత్రి గారు ఖాళీ కొలను ముందు నిలబడి, నీటి పొదుపు గురించి పావుగంట మాట్లాడారట.

ఆ హడావుడిలో నేను వరహాలమ్మ చీర కొంగులో చేరాను. ముసలయ్య ఆఫీసుకు వెళ్లి "రాడ్డు పోయింది సార్" అన్నాడు. జేఈ గారు పానా పట్టుకుని స్వయంగా గోతిలోకి దిగారు. పానా జారింది, ఆయన నడుం పట్టేసింది. కొత్త రాడ్డు కోసం కొటేషన్లు పిలిచారు, మూడు నెలలు పడుతుందట. అంతవరకూ విల్లాల వాల్వు మూసినట్టే, కుమ్మరివీధిది పద్నాలుగు చుట్లు తెరిచినట్టే! విల్లాలకు ట్యాంకర్లు తిరుగుతున్నాయి. నీళ్ల రోజున వరహాలమ్మ మేస్టారి గేటు దగ్గర నిలబడి, వీధంతా వినిపించేలా "తుమ్మెదలు కులాసానాండీ?" అని అడుగుతుంది. కాలనీ మోటార్లు ఆగిపోయాయి. మేస్టారు ఇప్పుడు బకెట్టుతో నీళ్లు మోస్తూ, వ్యాయామం అని చెప్పుకుంటున్నారు.

మరి నీకేం బాధ అంటారా? అక్కడికే వస్తున్నాను. నేను దొరక్కపోతే, ప్రభుత్వ ఆస్తి పోగొట్టాడని ముసలయ్య పెన్షను ఆపేస్తారట. విచారణ రేపు పదకొండింటికి.

నిన్న ఆయన వచ్చాడు. వరహాలమ్మ ఇచ్చిన టీ తాగుతూ నా బస్తా పక్కనే కూర్చున్నాడు. వెళ్లేముందు బస్తా మీద చెయ్యి వేసి, ఇన్నేళ్లూ నన్ను పట్టుకున్నంత మెల్లగా తట్టాడు.

"బియ్యం బరువుగా ఉన్నాయే వరహాలూ."

"ఇదిగో బాబాయ్, నీ బియ్యం నువ్వట్టుకెళ్లిపో" అందావిడ, బస్తా మూతి విప్పుతూ.

"పిల్లల బియ్యం నాకెందుకే" అని సైకిలెక్కాడు. బారు మీద నన్ను కట్టే తాడు ఖాళీగా ఊగుతోంది.

ఇప్పుడు మీరు చెప్పండి. నేను బయటికి వెళ్తే ముసలయ్య బతుకుతాడు, కుమ్మరివీధికి మళ్లీ నాలుగు చుట్లే. ఇక్కడే ఉంటే వీధి బతుకుతుంది, ఇరవయ్యేళ్లప్పటి నుంచి ఊరికి నీళ్లిచ్చిన మనిషికి ముసలితనంలో ఏమీ మిగలదు. ఇనుముకు తిరగడం వచ్చు, తేల్చుకోవడం రాదు. మీరు చదువుకున్నవాళ్లు. సామాన్యులు కూడానట. దయచేసి ఒక దారి చెప్పండి, మీ పెరట్లో పాత ఫ్రిజ్జు ఉన్నా పర్లేదు, నేనేమీ అనుకోను. కాస్త తొందరగా చెప్పండి బాబూ! వరహాలమ్మ రోజూ ఈ బస్తాలోంచే బియ్యం తీస్తోంది. ఇంట్లో ఇదే ఆఖరి బస్తా. ఇవాళ పొద్దున్న ఆవిడ డబ్బా ముంచినప్పుడు నా పిడికి వెలుతురు తగిలింది.