ఒడ్డు చేరనివానికై పలికిన గొంతు

పుష్యమాసపు ప్రాతఃకాలమున తూర్పుకడలిమీఁదనుండి లేచిన దట్టపుమంచు విశాఖపట్టణ సాగరతీరము నంతయుఁ గప్పి ఆకాశమునకును జలమునకును నడుమనున్న గీఁతను జెఱపివేసి మనుష్యులకుఁ దరంగఘోషను మాత్రము మిగిల్చిన యా వేళ, ఇసుకపై నిలిచి వణఁకుచున్న ఈఁతగాండ్ర నడుమ "సింహాచలము!" అను పిలుపు లేచెను. ఆ వెంటనే "వచ్చెను" అను ప్రత్యుత్తరమును లేచెను.

ఆ బదులు పలుకవలసినది మందాకిని. ఆమె పలుకలేదు.

ఉప్పునీరు మ్రింగి మోఁకాళ్లపైఁ గూలి దగ్గుచున్న యామె తలయెత్తి కుడియెడమల వెదకెను. తనకు జోడుగా సముద్రమున నీఁదిన దంతవైద్యుఁడు సింహాచలము ఎచ్చటను గానరాలేదు. తన వెనుక నీటిని జీల్చుచు వచ్చిన యాతని బాహువుల చప్పుడు ఎప్పుడు నిలిచిపోయెనో యామె యెఱుఁగదు.

"ఎవరు పలికితిరి? ఆయన యింకను రాలేదు!" అని మందాకిని యఱచెను.

సైకిళ్లవైపు నడచుచున్న తవిటినాయుఁడు వెనుకకుఁ దిరిగెను. అతఁడు నగరమున టిఫిను హోటలు నడపు స్థూలకాయుఁడు, పరిహాసప్రియుఁడు.

"నీవే పలికితివి గదమ్మా! ఉప్పునీరు తలకెక్కినదా యేమి?"

"నేను పలుకలేదన్నా! నాకు ఊపిరియే యాడలేదు."

"అయినను మన డాక్టరు వచ్చుట నేను జూచితిని. తెల్లటోపీతో నా ముందునుండియే పోయెను. ఎవరి పన్ను పీకుటకో తొందర కాఁబోలు!"

ఆమె సైకిళ్లయొద్దకుఁ బరుగెత్తెను. సింహాచలము సైకిలు గోడకుఁ జేరవేసినది చేరవేసినట్లే యుండెను. దాని పీఠముపై మడిచియుంచిన తుండుగుడ్డ మంచుచేఁ జెమ్మగిలినదే కాని మనిషి చేయి సోఁకినది కాదు. క్రిందనున్న చెప్పులలో ఇసుక లేదు. వచ్చినాఁడని చెవిన బడినంతనే వచ్చినవానిని గన్నులు కల్పించికొనునని యామెకు నప్పుడు తెలిసెను.

హనుమకొండలోఁ బుట్టి పెరిగి, నౌకాశ్రయమునఁ గొలువు దొరకుటచే నొంటరిగా విశాఖకు వచ్చిన మందాకినికి ఆ నగరమునఁ బలుకరించువారు లేకుండిరి. కార్యాలయమున నందఱును మర్యాదగా నవ్వుదురు, సాయంకాలము కాఁగానే ఎవరిదారిన వారు పోవుదురు. ఈఁతయు సైకిలుస్వారియు పరుగును ఒకదానివెంట నొకటిగా ఎడతెగక సాగించు ట్రయథ్లాన్ అను క్రీడపై నామెకుఁ జిరకాలముగా మక్కువ. అందులకు సాధన చేయువారు ఈ తీరమున ఉదయముఁ గూడుదురని విని, సిగ్గును జంపుకొని, ఒకనాఁడు వారిముందు నిలిచెను. వారు తమ సమూహమునకు మూడుబాటల కూటమి యని పేరిడుకొనిరి. కూటమికి నాయకుఁడు చక్రపాణి యనువాఁడు, నెరసిన మీసములు గల వ్యాయామ శిక్షకుఁడు. "మా కూటమిలోఁ జేరినవారికి ఈ ఊరు పరాయియూరు గాదు, అమ్మాయీ" యని యతఁడు నాఁడు పలికిన మాట యామె హృదయమున దీపమువలె నిలిచెను.

ఆ కూటమికి నొక కట్టుబాటు గలదు. సముద్రమున దిగువారెల్లరు జంటజంటలుగా దిగవలెను. ఒడ్డు చేరినపిదప నాయకుఁడు పేరుపేరునఁ బిలుచును. పిలువఁబడినవాఁడు పలుకరాదు, వాని జోడు వాని మొగమును గన్నులారఁ జూచి "వచ్చెను" అని పలుకవలెను. తనకుఁ దాను సాక్షి యగుటకన్న నొకరికొకరు సాక్షులగుట మేలని పెద్దలు చేసిన యేర్పాటిది. అందఱి పేళ్లకును బదులు వచ్చిన పిమ్మటఁ గాని సైకిళ్లు కదలరాదు. ఇంకొక చిక్కు గలదు. వ్యాయామము చేయువారికై యా తీరపురహదారిని తెల్లవాఱుజామున వాహనములకు మూసియుంచెదరు, ప్రొద్దెక్కఁగానే తెఱచెదరు. కావున పిలుపు ముగియుట యాలస్యమైనచో నాఁటి సైకిలుస్వారి లారీల పాలగును.

ఈ కట్టుబాటు గడచిన చలికాలమున నొకసారి తప్పెను. నూకరత్నము అను నర్సు కడలిలోనుండఁగా ఎవరో "వచ్చెను" అనిరి. అందఱును సైకిళ్లెక్కి పోయిరి. పరుగును ముగించికొని తిరిగివచ్చునప్పటికి ఆమె సైకిలు ఒంటరిగా నిలిచియుండెను. పిదప నలలు ఆమె శవమును భీమునిపట్టణపువైపు ఒడ్డునఁ బెట్టెను. ఆమె జోడు సింహాచలము. తాను పలుకలేదని యతఁ డెంత మొత్తుకొన్నను ఎవ్వరును నమ్మలేదు. అతఁడు కూటమిని వీడలేదు. కూటమి యతనిని వెలివేయలేదు. కాని యతనితో జోడుగా దిగుటకు నెవ్వరును ముందుకు రాకుండిరి. కొత్తగా వచ్చిన మందాకినికి ఆ జోడును గట్టఁబెట్టిరి. అతఁడు మితభాషి. కొలనున నీఁత నేర్చినదానికి సముద్రపు టెత్తుపల్లములను ఓర్పుతో నేర్పెను.

"అమ్మాయీ!" చక్రపాణి సమీపించెను. అతని మెడలో గడియారమును ఈలయు వ్రేలాడుచుండెను. "నేను బిలిచితిని. బదులు వచ్చినది. రహదారి తెఱచువేళ యగుచున్నది. సైకిలెక్కుము."

"గురువుగారూ! బదులు పలుకవలసినది నేను. నేను పలుకలేదు."

"దగ్గుచుఁ బలికి మఱచియుందువు."

కూటమివారు కొందఱప్పటికే శిరస్త్రాణములు ధరించి నిలిచిరి. వారి కన్నులలోఁ గోపములేదు, విసుగు మాత్రము గలదు. వారితో పోయినచోఁ దాను వారిలో నొకతె యగును. పోకున్నచో ఏమగునో యామెకుఁ దెలియును. ఆమె తవిటినాయుని చేయి పట్టుకొనెను.

"అన్నా! గురువుగారి ఈల తీసికొని ఎడతెగక యూఁదుచుండుము. ఈ మంచులో ఒడ్డు ఏదిక్కున నున్నదో నాకుఁ దెలియవలెను. అంతకన్న నేమియు నడుగను."

తవిటినాయుఁ డామె మొగమును, గోడకుఁ జేరవేసిన సైకిలును మార్చిమార్చి చూచెను. పరిహాసము వాని నోట నణఁగిపోయెను. "ఊఁదెదను తల్లీ! ఇడ్లీలు మాడిపోయినను సరే" యని యతఁడు చక్రపాణి మెడనుండి ఈల నందుకొనెను.

నడుమునకుఁ గట్టుకొను నారింజరంగు గాలితిత్తిని బిగించుకొని మందాకిని మరల నలలలోఁ జొచ్చెను. నురుగు దాఁటినంతనే లోకము తెల్లనై నిశ్శబ్దమాయెను. పైన మంచు, క్రింద నల్లనినీరు, చేయి చాచిన దవ్వునకుఁ బిమ్మట నేమియు లేదు. వెనుకనుండి వచ్చు ఈలపాట యొక్కటే సన్నని దారమువలె నామెను భూమికిఁ గట్టియుంచెను. ఆమె నిలిచి పేరు పిలుచును, చెవి యొగ్గును, మరల నీఁదును. ఒకపరి ఎవరో పిలిచినట్లు తోఁచి తిరిగెను. అచట నొక తెల్లని పక్షి నీటిపైఁ గూర్చుండి యామెనే చూచుచుండెను.

అంతలో ఈల నిలిచెను.

ఒడ్డు అనునది యింక నే దిక్కునను లేనట్లాయెను.  ఆ నిశ్శబ్దములో, మిక్కిలి చేరువ నుండి, బొంగురుపోయిన గొంతొకటి యడిగెను:

"ఎవరది? నూకరత్నమా?"

జాలరుల వలకుఁ గట్టిన తెల్లని బెండును గౌఁగిలించుకొని సింహాచలము తేలుచుండెను. అతని గాలితిత్తి చీలి నీటఁ బాఁతగుడ్డవలె నాడుచుండెను. కండరము పట్టివేయుటచే నొకకాలు కట్టెవలె బిగిసియుండెను. పెదవులు నీలమైయుండెను.

"నేను డాక్టరుగారూ, మందాకినిని" అని యామె యతని మణికట్టును బట్టుకొనెను.

అతఁడు వింతగా నవ్వెను. "నేను ఒడ్డు చేరితినఁట గదా?"

"మీకు వినఁబడినదా?"

"నా పేరును వినఁబడెను, బదులును వినఁబడెను. అమ్మా! ఆ క్షణమున నా రూపముతో మఱియెవఁడో గట్టెక్కి నా సైకిలెక్కి నా యింటికిఁ బోవుచున్నాఁడనిపించెను. అఱవవలెనన్న కోరికయు నశించెను. వచ్చినవాఁడను ఇంకను రాలేదని యెట్లఱతును? పాపము, నూకరత్నమునకు నిట్లే తోఁచియుండును."

మందాకిని మాఱుపలుకఁబోవునంతలో తీరమునుండి, అలలకావల నుండుటచేఁ గాఁబోలు అద్దమువలె నిర్మలముగా, పిలుపు వినవచ్చెను.

"సింహాచలము!"

ఒక్క ఊపిరి కాలము కడచెను.

"వచ్చెను."

 ఆమె యతని మణికట్టును మఱింత గట్టిగాఁ బట్టుకొనెను, వాఁడు నిజముగాఁ దనయొద్దనే యున్నాఁడో లేఁడో తెలిసికొనఁగోరినట్లు.

"మందాకిని!"

"వచ్చెను."

తన పేరు నట్లు తాను లేని తీరముపై వినుట యెట్టిదో దానిని వర్ణింప మాటలు లేవు. సముద్రశైత్యమునకన్న వేఱగు నొకచలి యామె యెముకలలోఁ బ్రవేశించెను. ఒడ్డున నిలిచినవారికి చెవుల నిండ హోరుండును, అడుగుల తడి తుడుచుకొను తొందర యుండును. ఇచట నీటిపై నా రెండుగొంతులు తప్ప వేఱేమియు లేదు. రెండు గొంతులు గావు. పిలిచినప్పుడు బిగ్గరగను, పలికినప్పుడు మెడ త్రిప్పి కొంచెము తగ్గించియు పలుకునది యొక్క గొంతే. తుది యక్షరమును సాగఁదీయు నా తీరు ఆమెకు మిక్కిలి పరిచితము. ఈ ఊరు పరాయియూరు గాదని చెప్పిన గొంతది.

"నేను వెనుకఁబడిన దినములలో," ఆమె మెల్లగా ననెను, "నేనింకను నీటిలో నుండఁగనే నా పేరునకు బదులు వినఁబడుచుండెడిది. మీరు కడపటి యలలలో నన్ను దాఁటి ముందుగా ఒడ్డు చేరి పలుకుచున్నారనుకొని సంతసించుచుంటిని. ఈ నగరమున నేను వచ్చితినని చెప్పువారొకరైన నున్నారని."

"నేనెన్నఁడును నీకన్న ముందు చేరలేదమ్మా. నీవు మునుఁగుదువేమో యని నీ వెనుకనే యీఁదుచుంటిని."

ఎన్ని యుదయములో! ఎందఱు సముద్రమున నుండఁగా ఎందఱు వచ్చిరని యా తీరమునఁ బలుకఁబడెనో! ప్రతిదినమును వారు తమ బాహుబలముచే గట్టెక్కుటచే నా యబద్ధము నిజమగుచుండెను. ఒక్కదినము మాత్రము కడలి దానిని నిజము కానీయలేదు.

"గాలితిత్తి పట్టుకొనుఁడు. పోవుదము" అనెను మందాకిని.

"ఒడ్డున ఈ మాట యెత్తకుము. నా పలుకునకు విలువ లేదు. నీ పలుకునకున్న విలువయు నేఁటితోఁ బోవును. అన్న యని పిలుచుటకు నీకు వీరు తప్ప ఈ యూర నెవరున్నారు?"

ఆమె గాలితిత్తిని అతని చేతికి నందిచ్చెను. అప్పుడు ఈల మరల మ్రోగెను. వెఱ్ఱికోపముతో నూఁదినట్లు వంకరటింకరగా మ్రోగెను. ఆ ధ్వనిని బట్టుకొని యామె యతని నీడ్చికొనుచు నీఁదెను.

నడుములోఁతు నీటిలో తవిటినాయుఁ డెదురై సింహాచలమును భుజములపై నెత్తుకొనెను. సైకిళ్లు దిగి పరుగెత్తివచ్చిన కూటమివారు తుండుగుడ్డలను గప్పిరి, ఫ్లాస్కులోని వేఁడి టీని నోటఁ బోసిరి. ఇద్దఱును వచ్చిరని రెండవమాఱు విని కదలఁబోయినవారు, కన్నులముందు నీరు కాఱుచున్న యా యిద్దఱిని జూచి అట్లే నిలిచిపోయిరి. ఒకఁడు దయ్యమును జూచినట్లు వెనుకంజ వేసెను.

"ఈల యేల నిలిచినదన్నా?" అని మందాకిని యడిగెను.

తవిటినాయుఁడు ఇసుకను జూచుచు "లాగికొనిరి. నేను మరల లాగికొంటిని" అనెను. ఎవరు లాగికొనిరో యతఁడు చెప్పలేదు. 

చక్రపాణి గుంపును ద్రోసికొని వచ్చెను. అతని కన్నుల నీరు గ్రమ్మియుండెను. ఆ నీరు బూటకము గాదు. అతఁడు సింహాచలము తల నిమిరి "బ్రదికితివి నాయనా!" యనెను. పిదప మందాకిని వైపు తిరిగి మృదువుగా నిట్లనెను:

"అమ్మాయీ! జోడు పలుకవలసిన పలుకు. జోడు నీవు. తొందరలో పలికితి నని యొక్కమాట యనుము. కొత్తదానవు, మేమందఱము మన్నింతుము. రేపు నిన్ను నేనే జోడుగాఁ దీసికొని సముద్రమున దిగెదను. ఇంతటితో ఈ మాట ముగియును."

ఎల్లరును ఆమెను జూచిరి. ఆ చూపులలో బ్రతిమాలుట యుండెను. ఆమె యొప్పుకొన్నచో నందఱికిని సుఖము; ఎవ్వరును ఎవ్వరిని గూర్చియు భయపడ నక్కఱలేదు. చలితో దంతములు కొట్టుకొనుచున్న సింహాచలము తల యడ్డముగా నాడించి వలదని సైగ చేసెను. రహదారిపైఁ దొలి లారీ కూఁతవెట్టెను. మంచు పలుచనై యొక్కొక్కరి మొగము వేర్వేఱుగాఁ దేలుచుండెను.

చావునకు ద్వేషమే కారణము గావలెనని లోకులందురు. తొందరయుఁ జాలును, పదిమంది మెచ్చు నాయకత్వమునకుఁ బట్టిన తొందర యైనచో మఱియు సులభముగాఁ జాలును. ఇంతకాలము వారు బదులు పలికినవానిని వెదకిరే కాని పేరు పిలిచినవానివైపు కన్నెత్తి చూడలేదు.

"నాఁడు నూకరత్నమునకును, నేఁడు మా యిద్దఱికిని బదులు పలికినది జోడు గాదు" అని మందాకిని లేచి నిలిచెను. ఆమె గొంతు చలికి వణఁకెనే కాని తగ్గలేదు. "ఎవరు పిలిచిరో వారే పలికిరి. నీటిలోనుండి మేము వింటిమి. తవిటినాయుఁడన్న ప్రక్కనే నిలిచి వినెను, కావుననే తలయెత్తలేకున్నాఁడు."

తవిటినాయుఁడు తలయెత్తెను. ఔనని తల యూఁచెను.

"పేరు చెప్పుము" అని గుంపులోనుండి ఎవరో గద్గదస్వరముతో ననిరి.

ఆమె యతని కన్నులలోనికిఁ జూచి, గురువుగారూ యను పిలుపును విడిచి, తీరమంతయు వినునట్లు పలికెను:

"చక్రపాణి."